మంగళవారం తడి

"ఎవరో నా మొక్కల్ని ముట్టుకుంటున్నారు. ఎవరో చెప్పండి."

పరిశోధకురాలు కుండీల మధ్య బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టి నిలదీసింది. నర్సరీ యజమాని చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఎంత గీచి గీచి బేరమాడేవాళ్లనైనా మాటలతో బుట్టలో వేసే మనిషి. ఇప్పుడు సర్దిన కుండీల్నే మళ్లీ సర్దసాగాడు.

మూడు నెలల క్రితం ఆమె అతని నర్సరీలో నలభై మొక్కల ఆకుల కింద నువ్వుగింజంత సెన్సర్లు అంటించింది. ఎండ ముదిరేకొద్దీ ఆకు ఎంత తేమ వదులుతుందో అవి పది నిమిషాలకోసారి చెబుతాయి. ఆమె వచ్చేది మంగళవారాలే.

"చూడండి. గ్రాఫులో ఈ తేమ గీత వారమంతా బుద్ధిగా నడుస్తుంది. మంగళవారం తొమ్మిదింటికి మాత్రం ఎగిరి గంతేస్తుంది. కారణం తేలకపోతే రేపే సెన్సర్లన్నీ తీసి వేరే నర్సరీలో పెట్టమన్నారు మా సారు."

"వేరే నర్సరీలోనా?" అతను చేతిలో కుండీ కింద పెట్టేశాడు.

"నేనేనమ్మా ఆకులు తుడిచింది. ముసలి చాదస్తం!" అంది పక్కనే మట్టి కలుపుతున్న అతని తల్లి, నోరు మూసుకోమన్నట్టు కొడుకు వైపు కళ్లురుముతూ.

అమ్మ చూపిన బేరం బాగానే ఉంది. తలూపితే చాలు, పరువు దక్కుతుంది. కానీ పుచ్చు సరుకు అంటగట్టి నిలుపుకున్న గిరాకీ ఎన్నాళ్లుంటుంది?

"అమ్మ కాదండీ, నేను. తడిగుడ్డతో తుడిచాను. దుమ్ము పోయి ఆకులు మెరుస్తాయని."

"తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే! మూడు నెలల కష్టమండీ!" అంది ఆమె. అంతలోనే ఏదో తట్టినట్టు కనుబొమలు ముడిచింది. "మీకు గిరాకీ ఉండేది ఆదివారం కదా? మంగళవారం ఎవరొస్తారని ఈ మెరుపులు?"

అతను ఒక కుండీలో లేని కలుపు పీకడం మొదలుపెట్టాడు.

"చెప్పరా, పాపం ఆ అమ్మాయి రిపోర్టులో రాసుకోవాలిగా," అంది తల్లి.

"మీరొస్తారని," అన్నాడు, ఎదురుగా ఉన్న కుండీతో చెబుతున్నట్టు.

"ఆకులకేనా? మంగళవారం వీడి చొక్కాకి ఇస్త్రీ కూడానమ్మా!"

ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. అయిపోయింది, మొక్కా పోయింది మనిషీ పోయింది అనుకున్నాడు. నిజం చెప్పి నష్టపోయినవాళ్ల జాబితాలో మరొకడు.

"సెన్సర్లు... తీసేస్తారా?"

ఆమె ఒక ఆకును వేలితో పైకెత్తి, కింద సెన్సర్ ఊడలేదని చూసుకుంది. మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచింది.

"కారణం తెలిసింది కాబట్టి ఆ గంట రీడింగులు పక్కన పెట్టేస్తాను. మిగతావి పనికొస్తాయి. కానీ ఒక షరతు. ఇకమీదట నేను ఏ రోజు వస్తానో ముందుగా చెప్పను."

"మరి నేను ఏ రోజు ఎదురుచూడాలి?"

"రోజూ," అంది ఆమె, తలెత్తకుండా టైప్ చేసుకుంటూ.