నాలుగున్నర బారలు

పొద్దున్నే స్విచ్ వేస్తే కొత్త మోటారు గుయ్యిమంది తప్ప చుక్క నీరు రాలేదు. ఆమె కాసేపు విని, ఆపేసి, బావిలోకి చేద వదిలింది. భర్త పోయి మూడేళ్ళు. కూతురుండేది ఊరికి ఆ చివర. ఆసుపత్రి ల్యాబ్‌లో ఊపిరాడని పని. నెలకో ఫోను వస్తే గొప్ప. మోటారు చెడిన ఈ పది రోజులూ మాత్రం రోజూ చేస్తోంది. ఆ ఫోను కోసం ఆమె ఎనిమిదింటికల్లా పనులు తెముల్చుకుని కూర్చుంటోంది.

పాత మోటారు బావి లోపలి దిమ్మె మీద తుప్పుపట్టి పోయింది. లోపలికి దిగేవాళ్ళు లేరు కాబట్టి పైన గట్టు మీద పెట్టేదే కొందామంది కూతురు. నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయని ఫోన్లో అడిగితే తల్లి తడుముకోకుండా నాలుగున్నర బారలంది. కూతురు తన రెండు చేతులూ చాపి బార ఎంతో కొలిపించుకుంది. అయిదడుగులు. ఇరవై రెండు, ఇరవై మూడు అడుగుల లోతుకి సరిపోయే మోటారు పంపించింది.

మెకానిక్ అప్పటికి రెండుసార్లు వచ్చాడు. పైపు అడుగునుండే ఫుట్ వాల్వు మార్చాడు, గాలి చొరబడుతోందేమోనని అతుకులన్నీ విప్పి బిగించాడు, పైపులో బిందెలకొద్దీ నీళ్ళు పోశాడు. ఇవాళ తాడుకి రాయి కట్టి నీళ్ళని తాకేదాకా దించి, పైకి తీసి టేపుతో కొలిచాడు. ఇరవై ఎనిమిది అడుగులు. అంత లోతు నుంచి ఇది లాగలేదని, నీళ్ళలో మునిగి పనిచేసే మోటారే కావాలని కూతురికి ఫోన్ చేసి చెప్పాడు.

గంటలో కూతురు సెలవు పెట్టి, మండిపడుతూ ఆటో దిగింది.

"ఎవరు కొలిచారమ్మా నాలుగున్నర?"

"మీ నాన్న."

"నాన్న పోయి మూడేళ్ళయింది. నేనడిగింది నిన్ను."

ఆయన ఆరడుగుల పైచిలుకు మనిషి, బారా అంతే. ఆ ఇంట్లో బావి ఆయన శాఖ. మంత్రి పోయినా ఉత్తర్వు అమల్లోనే ఉంది. కనుక్కుని చెబితే ఏం పోయేది, పది రోజులు అందరి ప్రాణం తీశావని కూతురు దులిపేసింది. మెకానిక్ మెల్లగా గేటు బయటికి జారుకున్నాడు.

కొత్తది రావడానికి ఎన్నాళ్ళు పడుతుందని తల్లి అడిగింది.

"వారం."

"వారమా," అందామె. ఆ గొంతులో దిగులు లేదు. కూతురు చూస్తోందని గమనించి మొహం తిప్పుకుంది.

"వారం పాటు చేదుకోవాలమ్మా. అరచేతులు చూడు, బొబ్బలెక్కాయి."

"చేదుకుంటాలేవే. నీళ్ళొచ్చేస్తే నువ్వు మళ్ళీ ఫోన్ చెయ్యవుగా."

కూతురి కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపు తన్నుకొచ్చింది. బావిగట్టు మీద తల్లి పక్కన కూలబడి ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుంది. పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా అని అడిగింది. ఈ పది రోజుల్లో మోటారు గురించి కాకుండా తల్లిని ఆమె అడిగిన మొదటి మాట అదే.