లక్ష్మమ్మ ఒరిగే తలుపు

సిద్దిపేట పాత బజారు వెనక ఒక సన్న గల్లీ ఉంది. బండి వస్తే మనిషి గోడకు అతుక్కోవాలి, అంత సన్నం. ఆ గల్లీ నడుమ బట్టల దుకాణం నాగేశం వాళ్ళ పాత ఇల్లు. మొన్నటి వైశాఖం దాకా, ఆరు నెలల పాటు, రాత్రి ఎనిమిది దాటాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ పోలేదు. చుట్టు తిరిగి పోయేవాళ్ళు. పాలప్యాకెట్లు వేసేవాడు కూడా పక్కింటి దాకా వచ్చి బండి వెనక్కి తిప్పేవాడు.

తలుపు కదులుతుందని.

గాలికి కాదట. తాళం వేసిన తలుపు... లోపల ఎవరో ఒరిగినట్టు... మెల్లగా టక్, టక్ అంటుందట.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నాది ఫోటోలు ప్రింటు కొట్టే దుకాణం. ఇరవై ఏళ్ళుగా పోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేసి, ఫ్రేము కట్టి ఇస్తున్నాను. వాళ్ళలో ఒక్కరు కూడా తిరిగొచ్చి ఫోటో బాగా రాలేదని అడగలేదు. అడిగేది వాళ్ళ కొడుకులే.

అయినా ఈ సంగతి చెప్తున్నాను. సగం ఫోటోలు తీసే భరణి చెప్పగా విన్నది, సగం నా కళ్ళతో చూసింది.

ముందు లక్ష్మమ్మ గురించి చెప్పాలి. ఆమె నాగేశం తల్లి. పొద్దున చాయ్ తాగి వచ్చి తలుపు కుడి రెక్కకు భుజం ఆనించి నిలబడిందంటే, మళ్ళీ అన్నానికే కదిలేది. గల్లీలో ఎవరు పోయినా ఏడికి పోతున్నవ్, ఎప్పుడొస్తవ్ అని ఆరా తీసేది. కోడలు జ్ఞానేశ్వరి కూరగాయల సంచి మోసుకొచ్చి "జర జరుగత్తా" అంటే వినపడనట్టే ఉండేది. ముప్ఫై ఏళ్ళు ఆ కోడలు పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని తన ఇంట్లోకి తాను దూరింది.

ఆ లక్ష్మమ్మ కార్తీకంలో పోయింది. ధనిష్ఠ నక్షత్రం. మా దిక్కు అట్లా పోతే ఇల్లు పాడు పెడతారు. ఆరు నెలలు ఆ ఇంట్లో మనిషి ఉండకూడదు, పొయ్యి వెలగకూడదు. నాగేశం కుటుంబం కిరాయి ఇంటికి మారింది. వెనక తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టారు. జల్లెడ పట్టిన బూడిదను ఇల్లంతా జల్లుకుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ గడప దాటి, ముందు తలుపుకు తాళం వేసారు. తాళం మీదుగా తుమ్మకంప అడ్డం కట్టారు. గడువు తీరి తెరిచిన రోజు బూడిదలో గుర్తులేమైనా ఉన్నాయా అని పెద్దలు చూస్తారు. ఏమీ లేకపోతే పోయినామె సుఖంగా పోయిందని అనుకుంటారు.

ఇక భరణి. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసి బతుకుతాడు. కానీ మనసంతా పాత ఇళ్ళ తలుపుల మీదే. వంద తలుపులతో ఒక పుస్తకం వేస్తానని మూడేళ్ళుగా బండేసుకుని ఊళ్ళు తిరుగుతున్నాడు. వాడి అదృష్టం ఎట్లాంటిదంటే... చింతమడకలో ఒక తలుపు చూసాడు, చిలకలు చెక్కిన టేకు తలుపు. పొద్దుటి ఎండ దాని మీద పడుతుందని మర్నాడు పొద్దున్నే వెళ్తే, అక్కడ ఇనుప తలుపు నిలబడి ఉంది. తొగుట దగ్గర ఇంకొక ఇంటాయన వీణ్ణి ఎంతో మర్యాదగా తీసుకుపోయి, "మీరు ఫోటో దీస్తరంట గదా అని నిన్ననే రంగేయించినం" అని చూపించాడు. నూరేళ్ళ చెక్కడం మీద ఆకాశం రంగు ఎనామిల్ పెయింటు... ఇంకా తడి కూడా ఆరలేదు. వాడు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చినంత పని చేసాడట.

అట్లా పడుతూ లేస్తూ తొంభై తొమ్మిది అయ్యాయి. వందోది నాగేశం వాళ్ళ తలుపే కావాలని పట్టు పట్టాడు. నిజంగానే అట్లాంటిది ఇంకొకటి లేదు. రెండు రెక్కల నిండా తామరలు, పైన గజలక్ష్మి, వరసగా ఇత్తడి బొడిపెలు. లక్ష్మమ్మ భుజం ఆనిన చోట మాత్రం చెక్కడం అరిగి నున్నగా మెరిసేది.

ఇల్లు తెరిచాక తీసుకొమ్మని నాగేశం మాటిచ్చాడు. భరణి నాలుగు నెలలు ఆగాడు. తీరా రేపు తెల్లవారుజామున తెరుస్తారనగా, ఆ సాయంత్రం నా దుకాణానికి వచ్చి కెమెరా సంచి బల్ల మీద దబ్బున పెట్టాడు.

"రేపు తెరవంగనే ఊడబీకుతరట అన్నా! హైదరాబాదుల హోటలాయనకు ఇస్తున్నరట. వడ్ల దుబ్బయ్య చెప్పిండు."

దుబ్బయ్య వడ్రంగి, ఊడబీకే పని అతనిదే. నేను ఆశ్చర్యపోలేదు. ఆ తలుపు ఉంటే ఇంట్లో అడుగు పెట్టనని జ్ఞానేశ్వరి ఎప్పటి నుంచో అంటోంది.

"నాగేశానికి ఫోన్ జెయ్యి" అన్నాను. చేసాడు. నాగేశం గొంతు నాకు కూడా వినపడింది.

"పొద్దుగాల దాకా ఆ గడప ముంగట ఎవ్వరు నిలవడద్దు తమ్మీ, పంతులు గట్టిగ చెప్పిండు. ఊడబీకినంక గోడకు ఆనిస్తరు గదా, అప్పుడు దీస్కో."

భరణి ఫోన్ పెట్టేసి నా మీద అరిచాడు. "గోడకు ఆనించినంక అది తలుపెట్లయితది అన్నా? కట్టె అయితది!"

వద్దురా అన్నాను. మూడేళ్ళుగా అందరూ వాడికి వద్దు, రేపు, తర్వాత అనే చెప్తున్నారు. ఇంకొకరి మాట వినే ఓపిక వాడికి మిగల్లేదు.

రాత్రి తొమ్మిదిన్నరకు గల్లీలో దిగాడు. ఆకు కదలని ఉక్క. కుక్క కూడా లేదు. వీధి దీపం ఒకటి దూరంగా గుడ్డిగా వెలుగుతోంది. ముందు కంప విప్పి పక్కన పెట్టాడు... వేలికి ముల్లు దిగింది. తిట్టుకుంటూనే స్టాండు నిలబెట్టి, చిన్న లైటు ఒకటి పక్క గోడ మీదికి కొట్టాడు. అంత తక్కువ వెలుతురులో ఫోటో రావాలంటే కెమెరాను ఇరవై సెకన్లు తెరిచి ఉంచాలి. ఆ ఇరవై సెకన్లలో ఏది కదిలితే అది మసకైపోతుంది.

మొదటి ఫోటో తీసి చూసాడు. గోడ స్పష్టంగా ఉంది. గోడ మీది బల్లి స్పష్టంగా ఉంది. తలుపు... మసక.

స్టాండు కదిలిందేమో అనుకున్నాడు. దాని కాళ్ళు బిగించి, ఒక ఇటుక తెచ్చి బరువు పెట్టి, రెండోది తీసాడు. బల్లి అట్లాగే ఉంది. తలుపు మసక.

మూడోది. నాలుగోది... తలుపు ఒక్కటే.

ఇంకొకరైతే అప్పుడే పరుగు తీసేవాళ్ళు. వీడికి భయం రాలేదు, ఒళ్ళు మండింది. ఎనామిల్ పెయింటు, ఇనుప తలుపు, నాగేశం... అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయట. లైటు చేత పట్టుకుని దగ్గరికి వెళ్ళాడు. తాళం సన్నగా ఊగుతోంది.

టక్... టక్...

అరచెయ్యి తలుపుకు ఆనించాడు. అవతల నుంచి ఎవరో ఒరిగి, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటున్నట్టు... చిన్న కదలిక.

"ఎవరు లోపట?" అన్నాడు.

తర్వాత రెక్కల సందులోంచి, చాలా దగ్గరగా...

"నేనే బిడ్డా."

ముసలి గొంతు. ఇల్లు తెరిచే పనికి ధూళిమిట్ట నుంచి నాగేశం పెద్దమ్మ వస్తుందని దుబ్బయ్య అన్నాడు. ఆమెనే ముందుగా తెచ్చి, వెనక తలుపు నుంచి లోపలికి పంపి పడుకోబెట్టారని భరణి అనుకున్నాడు. లక్ష్మమ్మ గొంతు వాడు ఎన్నడూ విని ఉండలేదు. వాడు ఆ తలుపును మొదటిసారి చూసింది ఆమె పోయిన తర్వాతే.

"ఏం జేస్తున్నవ్ గాడ?" అంది ఆ గొంతు.

"ఫోటో దీస్తున్న అవ్వా. నువ్వు తలుపుకు ఒరిగితె అది ఊగుతున్నది. నాలుగు ఫోటోలు ఖరాబయినయ్."

"ఒరగకుంట ఎట్ల నిలవడాలె..."

"జర్రసేపే అవ్వా!"

లోపల నుంచి నిట్టూర్పు వినపడింది. "రేపు దీన్ని ఊడబీకుతరట గదా?"

"ఔను. గందుకే గదా నా తిప్పలు."

"వద్దని చెప్పు మా నాగేశానికి... నేను జెప్పిన్నని చెప్పు."

"చెప్త, చెప్త. తప్పకుంట చెప్త. నువ్వు ముందు జర ఎనకకు జరుగు. ఒక్క అడుగు చాలు. మళ్ళ నేను చెప్పేదాక కదలకు."

అవతల నేల మీద పాదం ఈడ్చిన చప్పుడు... ఒక్కటి.

తాళం ఊగడం ఆగింది.

వాడు పరుగున వచ్చి ఐదో ఫోటో తీసాడు. ఇరవై సెకన్లు ఊపిరి బిగబట్టాడు. తామర రేకులు, ఇత్తడి బొడిపెలు, ఆ నున్నటి చోటు... అన్నీ చేత్తో తాకినంత స్పష్టంగా వచ్చాయి.

"అయిపోయింది అవ్వా. ఇగ పడుకో" అన్నాడు. నిద్రపోయిందనుకుని కంప మళ్ళీ అడ్డం కట్టేసి ఇంటికి వెళ్ళాడు. పదిన్నరకు ఆ ఫోటో నాకు పంపి, కింద రాసాడు: 'లోపట ఒక ముసలామె మస్తు సతాయించింది అన్నా. ఐనా వంద అయినయ్.'

నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నమ్మకం లేదని చెప్పాను కదా... అయినా పట్టలేదు.

తెల్లవారి నాలుగున్నరకు భరణితో పాటు నేను కూడా వెళ్ళాను. దుబ్బయ్య ఉలి, గడ్డపారతో సిద్ధంగా ఉన్నాడు. గల్లీ మొదట్లో తలుపు తీసుకుపోయే డీసీఎం వ్యాను ఆగి ఉంది. పంతులు, నాగేశం, జ్ఞానేశ్వరి గడప ముందు నిలబడ్డారు. భరణి నేరుగా నాగేశం దగ్గరికి వెళ్ళాడు.

"కాకా, తలుపు ఊడబీకద్దని పెద్దమ్మ చెప్పమన్నది."

"ఏ పెద్దమ్మ?"

"లోపట ఉన్నది గదా, ధూళిమిట్ట పెద్దమ్మ. రాత్రి మాట్లాడిన."

"పెద్దమ్మ రానే లేదు. మోకాళ్ళు నొస్తున్నయని నిన్ననే ఫోన్ జేసింది."

భరణి మొహం పాలిపోయింది. నాగేశం మొహం మాత్రం ఎర్రబడింది. "అంటే రాత్రి వచ్చినవన్నట్టు! వద్దన్నంక గూడ వచ్చి, ఇప్పుడు నీ ఫోటోల కోసం మా అమ్మను దెయ్యం జేస్తవా? సిగ్గుండాలె!"

"అబద్ధం కాదు కాకా... ఒట్టు..."

"ఇంకొక మాట మాట్లాడకు" అని నాగేశం కంప లాగి పారేసాడు. తాళం తీసాడు. తలుపు లోపలికి తోయబోతుంటే పంతులు ఆపి, ముందు బూడిద చూడాలని ఒక్క రెక్కనే మెల్లగా తెరిపించాడు. ఎడమ రెక్క. దుబ్బయ్య టార్చి లోపలికి కొట్టాడు.

ఇల్లంతా బూడిద పరిచినట్టే ఉంది. వెనక తలుపు దాకా ఒక్క గీత లేదు. ఎలుక నడిచిన జాడ కూడా లేదు. వెనక తలుపుకు గడియ వేసినట్టే ఉంది.

"ఏం లేవు" అన్నాడు నాగేశం గెలిచినట్టు.

దుబ్బయ్య టార్చిని మెల్లగా కుడి రెక్క వెనక్కి తిప్పాడు.

అక్కడ రెండు పాదాలు. చిన్నవి, ఆడమనిషివి. వేళ్ళు తలుపు వైపు. అక్కడ చాలాకాలం నిలబడినట్టు బూడిద లోతుగా అణిగి ఉంది.

వాటి వెనక... ఒకే ఒక్క అడుగు దూరంలో... ఇంకో రెండు పాదాలు.

ఆ తర్వాత ఏమీ లేదు.

భరణి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క అడుగు అన్న అన్నా... నేనే అన్న..." అని గొణిగాడు. రాత్రి లోపలి ఆమెతో ఏం మాట్లాడాడో ఒక్కొక్క మాటా అందరికీ చెప్పాడు. నాగేశం గొంతుక్కూర్చుని ఆ పాదాలనే చూస్తుండిపోయాడు. ఈసారి వాడిని తిట్టలేదు.

ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది జ్ఞానేశ్వరి. భయంతో అనుకున్నాను. కాదు, కోపంతో.

"ముప్పై ఏండ్లు... జరుగత్తా, జరుగత్తా అని మొత్తుకుంటె నాకు ఒక్కనాడు జరగలే! గీ భరణి ఒక్కసారి అంటె జరిగిందా!"

కాసేపటికి ఆమే కళ్ళు తుడుచుకుని, "ఇగ ఉండనియ్యున్రి దాన్ని" అంది.

నాగేశం లేచి దుబ్బయ్య వైపు చూసాడు. "గడ్డపార కింద పెట్టు. డీసీఎం ఆయనకు పొమ్మని చెప్పు."

అట్లా ఆ తలుపు ఉండిపోయింది. భరణి తిప్పలు మాత్రం తీరలేదు. సంగతి ఊరంతా పాకి, అందరూ ఆ ఒక్క ఫోటోనే అడుగుతున్నారు. తామరలు ఎవడూ చూడడు, చెక్కినవాడి చెయ్యి ఎవడూ చూడడు. ఫోన్‌లో పెద్దది చేసి సందులోంచి దెయ్యం కనపడుతుందా అని వెతుకుతారు. "తొంభై తొమ్మిది తలుపులు మన్నులకు పోయినయ్ అన్నా" అని రోజూ నా ప్రాణం తీస్తున్నాడు.

పోయిన వారం ఆ ఫోటోను పెద్దగా ప్రింటు కొట్టి, ఫ్రేము కట్టి ఇద్దామని నాగేశం వాళ్ళింటికి వెళ్ళాను. పట్టపగలు. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. గడప మీద పచ్చటి పసుపు. ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. అప్పుడే జ్ఞానేశ్వరి కూరగాయల సంచితో మార్కెట్ నుంచి వచ్చింది. నన్ను చూసి, లోపలికి రమ్మని, తాను ముందు నడిచింది.

గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, ఇంట్లోకి వెళ్ళింది.