శవం కాలివేళ్ళకు నల్లదారం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! కాటుకమబ్బు సూర్యుణ్ణి మింగేసింది. రేపల్లెలో ఇంకా పూత పూయని ఐదంతస్తుల మేడ మీద పట్టపగలే గుడ్లగూబ కూసింది! ఆ మేడ కింద ఇసుకలో, నిన్నటిదాకా అక్కడే ఇటుకలు మోసిన ప్రసన్నలక్ష్మి శవమై పడి ఉంది.

ఎస్సై బర్నబాస్ శవపంచనామా మొదలుపెట్టాడు. సాక్షులుగా పిలిచిన పెద్దమనుషుల్లో ముందు కూర్చున్నవాడు శివనాగరాజు. ఊరికి వాస్తు సిద్ధాంతి... నిజానికి క్షుద్రోపాసకుడు! మేడ నిలవాలంటే నరబలి కావాలని, తెల్లవారకముందే ఆ పిల్లను మాయమాటలతో పైకి పిలిచి తోసేసిన నరరూప రాక్షసుడు! తను వేసిన బంధనం విడకుండా శవం కాలిపోతే చాలు, ఆమె ఆత్మ ఆ మేడకు శాశ్వతంగా కాపలా బానిస.

"కాలు జారింది సార్. రాసేసుకోండి," అన్నాడు, నంగనాచిలా.

చుండూరు నుంచి తల్లి నాగమల్లేశ్వరి అప్పుడే వచ్చింది. బిడ్డ మొహం చూసి గుండెలు బాదుకుంది. పాదాలు చూసింది... ఏడుపు ఆగిపోయింది.

"సార్! నా బిడ్డ కాళ్ళెవరు కట్టారండి?"

రెండు బొటనవేళ్ళనూ కలిపి నల్లదారం బిగించి ఉంది!

"చచ్చినోళ్ళకి కట్టేదేగా అమ్మా," అన్నాడు కానిస్టేబులు.

"అది ఇంట్లోవాళ్ళం కట్టాలయ్యా, తెల్లగుడ్డ పేలికతో. నేనిప్పుడేగా వస్తన్నా!"

బర్నబాస్ కనుబొమలు ముడిపడ్డాయి. "మేం వచ్చేదాకా శవాన్నెవరూ ముట్టుకోలేదన్నారే!"

"మరి పడీ పడగానే కట్టినోడెవడండి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు శివనాగరాజు లేచాడు. "దాన్ని ముట్టుకోవద్దు! తెంచినవాళ్ళు నెత్తురు కక్కుకుని చస్తారు!"

"ఒంటిమీదున్న ప్రతిదీ తీసి చూడాలండి. పంచనామా అంటే అదే," అన్నాడు బర్నబాస్.

ఆ మాట పూర్తికాకముందే తల్లి వంగి దారం తెంచేసింది. ఫెళ్ళున పిడుగు పడింది!

శవం కదలలేదు... కదిలింది తల్లి! జుట్టు విరబోసుకుని, కళ్ళు చింతనిప్పులై, కూతురి గొంతుతో అరిచింది. "తోశావురా! అన్నా అని కాళ్ళు పట్టుకున్నా తోశావురా!"

శివనాగరాజు సంచిలోంచి కపాలం తీసి మంత్రం అందుకోబోయాడు. నాలుక మడతపడింది! నోటిదాకా వచ్చిన బలి చేజారిన క్షుద్రశక్తి, ఆకలితో తన ఉపాసకుడి వైపే తిరిగింది. కపాలం ఫటేల్మని పగిలింది. కంటికి కనపడని చెయ్యేదో వాడి జుట్టు పట్టి మెట్ల మీదుగా పైకి ఈడ్చుకుపోయింది. పట్టుకోబోయిన పోలీసులకు వాడి కండువా మాత్రం చిక్కింది.

ఐదో అంతస్తు అంచున వేలాడుతూ వాడు గావుకేక పెట్టాడు. "తల్లీ! ఆ వేళ్ళు మళ్ళీ కట్టు! అప్పుడే ఇది నన్ను వదుల్తుంది! నీకు దణ్ణం పెడతా!"

నాగమల్లేశ్వరి ఒంట్లోంచి బిడ్డ దిగిపోయింది. ఇప్పుడక్కడున్నది తల్లి ఒక్కతే. దారం ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. అందరూ ఆమె వంకే చూస్తున్నారు.

"కట్టనురా! నా బిడ్డ బతిమాలితే విన్నావా నువ్వు?"

ఆమె ఇసుకలో కూలబడి, కూతురి పాదాలు రెండూ ఎడంగా జరిపింది.

"నడువు తల్లీ... నీకిక ఎవడూ అడ్డం లేడు."

వెనకాల దబ్బున ఏదో పడింది. ఆమె తిరిగి చూడలేదు.