ముందు వరస కుర్చీల్లో సందేహాలపిట్ట

2084 నాటికి భీమిలి ఒడ్డున చోటు చాలక విశ్వవిద్యాలయాన్ని సముద్రం మీదికి నెట్టేశారు. నీలకడలి అని పేరు పెట్టారు. ఏడంతస్తుల భవనం, అడుగున గాలితిత్తులు. ఎంత పెద్ద అల వచ్చినా గ్లాసులో నీళ్లు తొణకవని ఇంజనీర్లు ఒట్టేసి చెబుతారు. గ్లాసు సంగతేమో గానీ, తుఫాను రోజుల్లో క్యాంటీన్ సాంబారు మాత్రం ఆ ఒట్టును లెక్కచేయదు.

ఆ ఉదయం సాంబారు బుద్ధిగానే ఉంది. గరికిన నూకాలే ఇడ్లీ ముట్టకుండా కూర్చుంది. కాళ్ల దగ్గర బట్టల సంచి.

"ఏటే, విచారణ అవకుండానే మూట కట్టీసినావా?" అంది ఎదురుగా కూర్చున్న పాంగి సుమిత్ర. అరకు కొండల పిల్ల, నూకాలు గదిలోనే ఉంటుంది.

"నాను పోతే మీ ముప్ఫైతొమ్మిది మందైనా మిగుల్తారు. పదిగంటల పడవకి పోతాను."

"పోతే పో. నా దుప్పటి మాత్రం మూటలోంచి తీసీ."

నూకాలుకు నవ్వు రాలేదు. ఆమె దిగులంతా ఒక పిట్ట వల్ల.

ఇంట్లో అందరికంటే ముందు కాలేజీ గడప తొక్కిన పిల్లల కోసం నీలకడలిలో నలభై సీట్లు విడిగా ఉన్నాయి. తొలితరం సీట్లంటారు. సీటైతే దొరికింది గానీ, క్లాసులో వాళ్లకు నోరు పెగలదు. అడిగితే పక్కవాడు నవ్వుతాడేమోనన్న భయం. అర్థం కాని పాఠం మీద అర్థం కాని పాఠం పేరుకుని, ఏడాది తిరిగేసరికి సగంమంది ఇంటిదారి పట్టేవారు. అది చూడలేక, అక్కడే మెదడు తరంగాల మీద పనిచేసే డాక్టర్ మెహజబీన్ సందేహాలపిట్టను తయారుచేసింది. సందేహం పుట్టినప్పుడు మెదడులో ఒక చిన్న తరంగం లేస్తుంది. దాన్ని సెన్సర్లు పసిగడతాయి. హాలు దూలం మీద కూర్చున్న యంత్రపు పిట్ట ఆ తరంగాన్ని మాటల్లోకి మార్చి, పైకి అడిగేస్తుంది. సందేహం ఎవరిదో చెప్పదు, ఎక్కడా రాసిపెట్టదు. పిల్లలతో మాత్రం, "మీ నలభైమంది మనసులో మాట ఇది అడిగిపెడుతుంది" అని చెప్పారు, అంతే.

నాలుగు నెలల్లో పిట్ట నోరు పడిపోయేంతగా అడిగింది. అడిగిన ప్రతిదీ అచ్చంగా నూకాలు మనసులోదే! 'మొదటి సూత్రమే తెలీలేదు' అనుకుంటే చాలు, పైనుంచి "మొదటి సూత్రం మళ్లీ చెబుతారా?" అని కూత. ఇంత మొద్దుబుర్ర తనొక్కదానిదే అని నూకాలు తేల్చుకుంది. అలల గణితం చెప్పే ఆచార్య వేదాద్రి గారికి మాత్రం తల బొప్పికట్టింది. ఈ పిల్లలు చదువుకు పనికిరారు, తొలితరం సీట్లు ఎత్తేయండి అని ఫైలు పెట్టారు. విచారణ ఆ రోజే.

విచారణ క్లాసు హాల్లోనే జరిగింది. వేదాద్రి గారూ, మరో నలుగురు సభ్యులూ ముందు వరసలో దర్జాగా కూర్చున్నారు. నలభైమందినీ గోడవారన నిలబెట్టారు. మిగతా నూట అరవైమందీ వేడుక చూడ్డానికి వచ్చి వెనక కుర్చీలు నింపారు.

"గంటకు అరవై ప్రశ్నలండీ!" అన్నారు వేదాద్రి గారు. "అలంటే ఏమిటో చెప్పేలోపు ఒడ్డు వచ్చేస్తోంది. ఇలాంటివాళ్లకు..."

దూలం మీద పిట్ట గొంతు సవరించుకుంది. "ఈ ఫైల్లో మూడో పేరా ఎవరికైనా అర్థమైందా? ఇంతకీ టీ ఇస్తారా, ఇవ్వరా?"

"చూశారా! విచారణలో కూడా ఆగరు!" అంటూ వేదాద్రి గారు గోడవారకు వేలు చూపించారు.

నూకాలు తల వంచుకుని ముందుకొచ్చింది. "తప్పు నాదే సార్. ఆళ్లందర్నీ ఒగ్గీండి, నాను..." అంటూనే ఆగిపోయింది. "కాదు సార్. నాను టీ గురించి అనుకోనేదు. నాకు టీ పడదు."

మెహజబీన్ చటుక్కున లేచింది. "పిట్టకు మనుషులు తెలియరండీ, కుర్చీలే తెలుసు. ముందున్న నలభై కుర్చీల వీపుపలకల్లోనే సెన్సర్లు పెట్టాను. ఇప్పుడు వాటిలో ఉన్నది మీ ఐదుగురే."

వేదాద్రి గారు వీపు కాలినట్టు ముందుకు వంగారు.

"అమ్మా నూకాలూ, మీరు రోజూ కూర్చునేది ఈ కుర్చీల్లోనే కదా?" అని అడిగింది మెహజబీన్.

"నేదు మేడమ్. ఆ ఎనకాల, ఆఖర్న."

"ఎందుకు? మీ నంబర్లు వీటి మీదే కదా ఉన్నాయి!"

"మా జాలరిపేటలో పెద్దవల లాగినప్పుడు కొత్తగా వచ్చినోడు తాడు కొసన పట్టాలండి. ముందర నిలబడితే పొగరంటారు. మరి మేం కొత్తోళ్లం కదేటి? నానే అందర్నీ ఎనక్కి తీసుకుపోయాను. ఆళ్లు ముందర కూకున్నారు."

ఆళ్లు ఎవరో ఆమె వేలు పెట్టి చూపలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వెనక కూర్చున్నవాళ్లలో నలభైమంది నేల చూపులు చూశారు. నాలుగు నెలలుగా తమ సందేహాలు తీరుతుంటే, నింద గోడవారకు పోతుంటే, హాయిగా ఊరుకున్న పెద్దింటి పిల్లలు.

"మరి పిట్ట అడిగినవన్నీ నా మనసులోవే కదా మేడమ్?" అంది నూకాలు.

"నీ మనసులోవే. వాళ్ల మనసులోవి కూడా."

నూకాలుకు పొద్దున వదిలేసిన ఇడ్లీ గుర్తొచ్చింది. ఉన్నపళంగా ఆకలేసింది.

పిట్ట మళ్లీ ముక్కు తెరిచింది. వేదాద్రి గారు గబుక్కున లేచి నిలబడ్డారు. మిగతా నలుగురూ లేచారు. 'తొలితరం సీట్లు యథాతథం' అన్న తీర్మానం నిలబడే రాశారు, నిలబడే సంతకాలు పెట్టారు. పదిగంటల పడవ ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

మర్నాడు క్లాసుకు వచ్చిన నూకాలుకూ సుమిత్రకూ వెనక చోటు దొరకలేదు. వెనక నూట అరవై కుర్చీలూ పొద్దున్నే నిండిపోయాయి. ముందు నలభై కుర్చీలూ ఖాళీ!

"పద, ఇంకేటి సేస్తాం," అని సుమిత్ర ముందుకు లాక్కెళ్లింది. తక్కిన ముప్ఫై ఎనిమిదిమందీ వెంట నడిచారు.

వేదాద్రి గారు బోర్డు నిండా లెక్క రాశారు. నూకాలు నుదురు ముడిపడింది. పైన పిట్ట గొంతు సవరించుకుంది.

"నువ్వుండెహె, నానడుగుతాను," అని నూకాలు లేచింది. "సార్, ఒక దిక్కునుంచి వచ్చే అలకి లెక్క సెప్పారు. తూరుపు నుంచొకటి, దచ్చినం నుంచొకటి వచ్చి గుద్దుకుంటే పడవ లేస్తాది గానీ మీ లెక్క లేవదు కదండి. అప్పుడేటి సేయాలి?"

వేదాద్రి గారు బోర్డు చూశారు, కిటికీలోంచి సముద్రం చూశారు, చివరికి సుద్దముక్క కింద పెట్టేశారు.

"నాకూ తెలియదమ్మా. రేపు చూసుకుని వచ్చి చెబుతాను."

తెలియదని పైకి అనొచ్చన్నమాట అని, వెనక నూట అరవైమంది ఒక్కసారే ఊపిరి వదిలారు.