రెండు చేతుల బగ్

“గోరింకా, సంతలో చింతపండు ఉందా?”

“ఉంది సార్, పులుపు లేదు,” అంది సోని విసుగ్గా. ఈ కోడ్‌వర్డ్ చెబితే తప్ప సర్వేశ్వరరావు సంగతిలోకి రాడు. విశాఖలో ఏసీ గదిలో కూర్చున్న నిఘా అధికారికి, సిగ్నల్ కోసం డుంబ్రిగుడలో బండరాయెక్కి నిలబడ్డ పదిహేడేళ్ల ఏజెంటు బాధ ఏం తెలుస్తుంది!

‘నీడవేట’ అనే కొత్త ఏఆర్ గేమ్‌ని అరకు కొండల్లో టెస్ట్ చేయడానికి ఒక విదేశీ కంపెనీ సోనిని పెట్టుకుంది. కంపెనీ మీద అనుమానంతో నిఘా విభాగం ఆమెనే గూఢచారిని చేసుకుంది. గేమ్ కళ్లద్దాలు పెట్టుకుంటే మాయపిట్టలు కనబడతాయి. వాటి ఎదురుగా చప్పట్లు చరిస్తే రాలతాయి. రెండు చేతులూ కళ్ల ముందుకు రాకపోతే మాత్రం గేమ్ పట్టించుకోదు. ఆ బగ్ గురించి ఎన్నిసార్లు రాసినా కంపెనీకి ఉలుకూ పలుకూ లేదు.

“సార్, పిట్టలన్నీ రైలు సొరంగాల కాడే వాల్తన్నాయి. ఈ అద్దాలు సొరంగాల్ని స్కాన్ సేత్తన్నాయి. ఆ బిందుమాధవి మేడమ్ మీద నాకు డౌటు.”

“ఆవిడ కంపెనీ మేనేజరే కాదు, మన డబుల్ ఏజెంట్ కూడా. నువ్వు ఆట ఆడు, అంతే.”

లైన్ కట్టయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. ఫోన్ లోయలోకి విసిరేద్దామనిపించింది సోనికి.

ఆ మధ్యాహ్నం అరకు రిసార్టులో గేమ్ లాంచింగ్. మేడమ్ మీద ఓ కన్నేసి, సోని సర్వర్ యూనిఫాంలో ట్రే పట్టుకుని తిరుగుతోంది. స్టేజీ వెనక బిందుమాధవి ఫోన్లో ఇంగ్లిష్‌లో మాట్లాడుతోంది. పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్, కళ్లకు నీడవేట అద్దాలు.

“పాసింజర్ రైలు సొరంగంలోకి రాగానే నాకు పిట్ట కనబడుతుంది, బాస్. చప్పట్లు కొడితే బాంబు పేలుతుంది. ఆ నిఘా మూర్ఖుడు నన్నింకా నమ్ముతున్నాడు.”

గేములు నేర్పిన ఇంగ్లిష్ కాబట్టి సోనికి ఒక్క ముక్కా పోలేదు. కంటి ఆపరేషన్ చేయించుకున్న అమ్మ ఆ పాసింజర్లోనే వస్తోంది. జడపిన్నులోని మైకుతో “సార్! సార్!” అంది. చెవిలోని బుల్లి ఇయర్‌ఫోన్‌లో గరగరే వినబడింది. కోపంతో కళ్ల నీళ్లొచ్చాయి. మీద పడి అద్దాలు లాక్కుందామంటే చుట్టూ బౌన్సర్లు.

లాన్‌లో డప్పు మోగింది. గిరిజనుల ధింసా నృత్యం ఆడడానికి పిలిపించిన బృందం వరస కడుతోంది. ముందున్నది మేనత్త అప్పలనర్సమ్మే.

“అత్తా, ఆ మేడమ్‌ని నడిమిన కలుపుకో. రైలు ఎల్లేదాకా సెయ్యి ఒగ్గీకు, గట్టిగా అట్టుకో.”

“ఏటే గుంటా, ఏటయింది?”

“అమ్మ ఆ రైల్లోనే ఉంది. బేగి!”

అప్పలనర్సమ్మ వెళ్లి బిందుమాధవిని చెయ్యి పట్టి వరసలోకి లాగింది. టూరిస్టుల్ని ఆటలోకి లాగడం మామూలే కనుక బౌన్సర్లు నవ్వుతూ వీడియోలు తీసుకున్నారు. ధింసాలో చేతులు పక్కవాళ్ల వీపుల వెనక ముడిపడతాయి. బిందుమాధవికి ఒకవైపు అత్త, ఇంకోవైపు ట్రే పారేసి వచ్చిన సోని. కట్టెలమోపులు మోసిన చేతులవి, గొలుసు బిగిసింది.

దూరంగా రైలు కూత పెట్టింది. బిందుమాధవి కళ్లు అద్దాల వెనక మెరిశాయి. పిట్ట కనబడినట్టుంది.

“వదలండి!” అని అరిచింది. మేడమ్‌కి ఊపొచ్చిందనుకుని డప్పువాళ్లు జోరు పెంచారు. ఆమె గోళ్లు అత్త చేతిలో దిగాయి. అత్త పట్టు జారింది. ఒక చెయ్యి ఊడొచ్చింది!

బిందుమాధవి ఆ ఒక్క చేత్తోనే కళ్ల ముందు గాలిని చరిచింది. మళ్లీ చరిచింది. ఏమీ కాలేదు. సోని రెండో చేతిని పళ్లు బిగించి పట్టుకుంది. భుజం పీకేస్తున్నా వదల్లేదు.

ఇంకో కూత వినబడింది. పాసింజర్ సొరంగం దాటి లోయలోకొచ్చింది. అప్పుడు ఏడ్చింది సోని, బాహాటంగా.

మైకు సగం మాటలైనా మోసినట్టుంది, పోలీసు జీపొచ్చింది. అంతా అయ్యాకే అనుకోండి. బేడీలు వేయించుకుంటున్న బిందుమాధవి కళ్లకున్న అద్దాలు సోని మెల్లగా తీసుకుంది.

“ఆ రెండు చేతుల బగ్ సరిసెయ్యమని ఎన్నిసార్లు రాశాను మేడమ్! టెస్టర్ మాట ఎవరింటారు?”