మూడో స్తంభం దగ్గర ఇసుక

వ్యాపార్ విహార్ లాడ్జిలో ఏజెంట్ రమణమూర్తిని దిండు అదిమి చంపారు. అర్పా నదిలో ఇసుక సర్వే చేసే ఇంజినీరు వేషంలో ఉన్నాడతను.

మర్నాడు అదే వేషంలో జానకిరామ్ దిగాడు. చీఫ్ వసుంధర ఫోన్‌లో బ్రీఫింగ్ ఇచ్చింది.

"విదేశీ ముఠా గురి రైలు వంతెన. డ్యామ్ నీళ్లు వదిలారు. అంతకుముందుకీ ఇప్పటికీ నది అడుగు ఎలా మారిందో మ్యాప్ చెయ్యి. ముఠాలో మన మనిషి ప్రణీత నీ పడవలోనే ఉంటుంది."

"రమణమూర్తి నాకు పని నేర్పిన మనిషి, మేడమ్."

"తెలుసు. జాగ్రత్త."

నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ప్రణీత పడవ నడుపుతోంది. సినిమా తారలా ఉంది.

"ఒడ్డున ఎండ ఎలా ఉంది?" అన్నాడు కోడ్ ప్రకారం.

"తడిబట్టలు ఆరేంత లేదు."

సోనార్ తెరమీద పాత మ్యాప్‌పై కొత్తది పరుచుకుంది. వదిలిన నీళ్లు ప్రతి స్తంభం మొదట్లో గొయ్యి తవ్వాయి. మూడోదాని దగ్గర మాత్రం దిబ్బ.

"నీళ్లు తవ్వాల్సిన చోట మేట వేసిందేం?"

"ఒగ్గీండి సార్, ఆ మేట సంగతి." పిస్టల్ అతని పక్కటెముకలకు తగిలింది. "రమణమూర్తిగారూ ఇదే అడిగారు."

"నువ్వే చంపావా?"

"తలుపు తీసేనంతే. మాయమ్మ వాళ్ల చేతిలో ఉంది. ఖాళీ గూడ్సు మీదే పేలుస్తామన్నారు. మనుషులెవలూ చావరన్నారు."

దూరంగా హారన్ వినిపించింది. రైల్వే కాలనీలో పుట్టిన పిల్ల, కూతను బట్టే బండేదో చెప్పగలదు. ఆమె ముఖం పాలిపోయింది.

"ఇది గూడ్సు కాదు. మెమూ. జనాల బండి."

పిస్టల్ అతని ఒళ్లో పడేసి, కత్తి పట్టుకుని నీళ్లలోకి దూకింది. మేటలో దాచిన బాంబు తీగ ఒడ్డున గాలం వేస్తున్నవాడి దాకా ఉంది. వాడు మీట నొక్కాడు. పేలలేదు. తీగ తెగిపోయింది. పైకి తేలిన ప్రణీతను వాడు కాల్చాడు. మరుక్షణం జానకిరామ్ వాణ్ణి కాల్చాడు.

కిటికీల నిండా ముఖాలతో మెమూ వంతెన దాటింది. పడవలోకి లాగేసరికి ప్రణీతలో ప్రాణం లేదు. ఆమె మీద కోపం తెచ్చుకుందామనుకున్నాడు. రాలేదు.

చచ్చినవాడి ఫోన్ ఆధారంగా సాయంత్రం ఒక గోడౌన్ తలుపులు పగలగొట్టారు. లోపల ప్రణీత తల్లి అప్పలనర్సమ్మ క్షేమంగా ఉంది.

"మా పాప ఏది బాబూ?"

"డ్యూటీలో ఉందమ్మా," అన్నాడు జానకిరామ్.

రైల్వే క్వార్టర్లో కాపురం చేసిన మనిషి. డ్యూటీ అన్నాక ఇంకేమీ ఆరా తియ్యలేదు. ఎన్నింటికి దిగుతుందని మాత్రం అడిగింది.