జ్ఞానతల్లి గౌను

ఆ ఆదివారం ఉదయం అక్క పడకగది తలుపు గడియపెట్టుకుని, మీగడ రంగు గౌనుతో కుస్తీ పడుతోంది. పొయ్యి మీద పాలు పొంగి పారుతున్నా బయటికి రాలేదు. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. ఆ వీధిలో అందరికీ డ్రైవరమ్మే. అంత పొడవు బస్సును ఇరుకు మలుపులో అవలీలగా తిప్పే మనిషి, వీపు మీది జిప్పును మాత్రం జానెడు పైకి లాగలేకపోయింది.

"కెప్టెన్, ఊపిరి ఆడుతోందా?" పొయ్యి గట్టు తుడుస్తూ అడిగాడు భర్త.

"ఆడుతోంది. కొంచెమే."

వచ్చే ఆదివారం చెల్లెలి పాపకు చర్చిలో జ్ఞానస్నానం. జ్ఞానతల్లిగా నిలబడమని చెల్లెలు అడిగిన రోజున అక్క డిపో అంతా తిరిగి చెప్పుకుంది. పాపను రెండు చేతులా పట్టుకుని నీళ్ళ తొట్టి మీదికి వంగేది తనే మరి! ఆ సంబరం కాస్తా గౌన్ల దగ్గరికి వచ్చేసరికి నీరుగారిపోయింది. ఆడవాళ్ళందరం ఒకే రంగు వేసుకుందాం, గౌన్లు నేనే తెప్పిస్తా, ఎవరి సైజు వాళ్ళు చెప్పండని చెల్లెలు ఇంటిల్లిపాదీ ఉన్న వాట్సాప్ గ్రూపులో అడిగింది. ఒక్కొక్కరూ టకటకా పెట్టేస్తుంటే, అక్క ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చుని, తనకు పట్టేదానికంటే రెండు సైజులు తక్కువ రాసి పంపింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధం అతకలేదు సరికదా, వీపు మధ్యన నోరు తెరుచుకుని కూర్చుంది.

చివరికి భర్తను పిలిచి పిన్నీసులు పెట్టించుకుంది.

"మీ చెల్లికి నిజం చెప్పేస్తే పోలా?" అన్నాడతను.

"ఇప్పుడు చెప్తే పరువు గంగలో కలుస్తుంది. పైన శాలువా కప్పుకుంటా, ఎవరికీ కనపడదు."

"నీ ఇష్టం. పిన్నీసు ఊడి ఫాదర్‌కి తగిలితే మాత్రం నన్ననకు."

అంతలోనే చెల్లెలు పాపతో వచ్చేసింది. గౌను, శాలువా చూసి మురిసిపోయింది. "అబ్బ, ఎంత బాగుందక్కా! ఒకసారి వంగడం అలవాటు చేసుకుందాం. ఇదిగో, ఈ గిన్నే తొట్టి అనుకో," అంటూ పాపను అక్క చేతుల్లో పెట్టింది.

అక్క మోచేతులు పైకి లేవలేదు. కాస్త వంగేసరికి ఎక్కడో కుట్టు పటుక్కుమంది, ఒక పిన్నీసు చురుక్కున దిగింది. పాప ఎక్కడ జారిపోతుందోనని హడలిపోయి, "వద్దు వద్దు, నువ్వే తీసుకో," అని గబుక్కున తిరిగి ఇచ్చేసింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

చెల్లెలి ముఖం మాడిపోయింది. "ఎవరి బిడ్డనో అంటగట్టినట్టు తోసేస్తావేంటక్కా?"

"అది కాదే..."

"మొహమాటానికి ఒప్పుకున్నావా? ఇష్టం లేకపోతే చెప్పేయొచ్చుగా. మా ఆడపడుచుని నిలబెడతా. ఫాదర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా." నిజంగానే సంచిలోంచి ఫోను తీసింది.

పరువు దక్కించుకోబోతే పాపే చేజారిపోయేలా ఉంది. అక్క శాలువా తీసి కుర్చీ మీదికి విసిరి, చెల్లెలికి వీపు చూపించి నిలబడింది.

"ఏంటక్కా ఇది? ఇన్ని పిన్నీసులా?"

"నేను రాసిన సైజు అబద్ధం."

"నాకు చెప్తే ఏమయ్యేది? నేనేమన్నా పరాయిదాన్నా?"

"నువ్వు నన్నడిగావుటే?" అంది అక్క. "మీ అత్తగారు, ఆడపడుచు, అందరూ చూస్తుంటే నా ఒళ్ళెంతో రాయమన్నావు. ఒక్క ఫోన్ చేసి అడిగితే దాచేదాన్నా?"

చెల్లెలు పాపను బావగారి చేతికిచ్చి, ఒక్కొక్క పిన్నీసూ తీయసాగింది. తీస్తూ తీస్తూ భోరుమంది. "చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే ఈ వీపు మీదే కదక్కా ఆస్పత్రికి మోసుకెళ్ళావు. దీన్నా నేను ఇలా గుచ్చింది!"

"గుచ్చింది నేనమ్మా," అన్నాడు బావగారు. ఏడుస్తూనే ఇద్దరూ నవ్వారు.

ఆ మధ్యాహ్నమే అక్కచెల్లెళ్ళిద్దరూ పాపను తీసుకుని బట్టల కొట్టుకు వెళ్ళారు. "పెద్ద సైజులెక్కడమ్మా?" అని అక్క కొట్టంతా వినపడేలా అడిగింది. కొట్టులో అమ్మాయి నల్ల గౌను తెచ్చి, "ఇది వేసుకుంటే సన్నగా కనపడతారు మేడమ్," అంది.

"సన్నగా కనపడ్డానికి కాదమ్మా, పిల్లని ఎత్తుకోడానికి."

ఆమె అద్దం వైపు చూడనే లేదు. ఒక్కో గౌనూ తొడుక్కోవడం, ఎదురుగా స్టీరింగు ఉన్నట్టు చేతులు చాపి ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పడం, కూర్చుని లేవడం, పాపను ఎత్తుకుని వంగడం. ఒకటి చంకల్లో పట్టేసింది. ఒకటి వంగితే మెడ దగ్గర జారింది. చివరికి ఆకాశనీలం రంగు నూలు గౌను నిలిచింది. మెడ నిండుగా ఉంది, చేతులు మణికట్టు దాకా వదులుగా ఉన్నాయి, అంచు పాదాల దాకా వచ్చింది. లోపల గాలి హాయిగా ఆడుతోంది. అప్పుడు అద్దంలో చూసుకుంది. బాగుంది. నిజంగానే బాగుంది.

"మరి మీగడ రంగు?" అంది అక్క.

"తెల్లబట్టలు పాపకి చాల్లే," అని చెల్లెలు ఎవరికి హాయైనవి వాళ్ళు వేసుకోండని గ్రూపులో పెట్టేసింది. హమ్మయ్య అంటూ ముందుగా దండం బొమ్మ పెట్టింది తన అత్తగారే!

జ్ఞానస్నానం నాడు చర్చి కిటకిటలాడింది. "ఈ బిడ్డను విశ్వాసంలో పెంచడానికి తల్లిదండ్రులకు తోడుగా ఉంటారా?" అని ఫాదర్ అడిగితే, "ఉంటాను!" అన్న అక్క గొంతు వెనక గుమ్మం దాకా మోగింది. తొట్టి మీదికి వంగింది. పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీళ్ళు పడుతుంటే పాప చేపపిల్లలా గిలగిలలాడింది. అక్క చేతులు మాత్రం కదల్లేదు. తడిసిన పాపను గుండెకు హత్తుకుని అక్క లేచి నిలబడితే, చెల్లెలు కళ్ళొత్తుకుంది.

తర్వాత అందరూ మెట్ల మీద ఫొటోకి నిలబడ్డారు. కెమెరా అతను అటూ ఇటూ చూసి, "నీలం గౌను మేడమ్, కొంచెం పక్కకి జరగండి. ఫొటోలో పట్టట్లేదు," అన్నాడు.

చెల్లెలు నోరు తెరవబోయింది. ఈలోగా అక్కే, పాపను భుజాన సర్దుకుంటూ, చిరునవ్వుతో చెప్పింది.

"నేను జరగను బాబూ. నువ్వే వెనక్కెళ్ళు."

అతను వెళ్ళాడు. గేటు దాకా వెళ్ళాడు. అక్కణ్ణుంచి అందరూ పట్టారు.